స్కాన్ అయిపోయింది, ఫలితం ఎవరు చూశారు?

నారాయణఖేడ్‌లో ఫొటో స్టూడియో అయినా, మీసేవ కేంద్రమైనా, సిస్టమ్ నెమ్మదించిందంటే ముందు వచ్చే మాట ‘ఫార్మాట్ కొట్టిద్దాం’. కొంచెం తెలిసినవాళ్లు విండోస్‌లోనే ఉండే డిస్కు పరీక్ష, చెక్ డిస్క్ నడుపుతారు. నల్లటి తెర మీద అంకె నూరు శాతానికి చేరి విండోస్ తెరుచుకోగానే, డిస్క్ బాగైపోయిందని పెళ్లి వీడియోలన్నీ మళ్లీ దాని మీదికే ఎక్కిస్తారు. పొరపాటు అక్కడే జరుగుతోంది. స్కాన్ పూర్తయిందంటే పరీక్ష ముగిసిందని మాత్రమే.

డిస్క్‌లో ఫైళ్లతోపాటు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. రెవెన్యూ డివిజన్ కేంద్రమైన నారాయణఖేడ్‌లో ఉన్నవాళ్లకు దీన్ని పహాణీ, అంటే ఏ పొలం ఎవరిదో చెప్పే రికార్డు, అంటే చాలు. కరెంటు పోయి సిస్టమ్ ఉన్నట్టుండి ఆగితే ఎక్కువగా చెడేది పహాణీయే. ఒకే మడి ఇద్దరి పేరుమీద ఎక్కుతుంది, ఒక చెలక ఎవరి పేరూ లేకుండా మిగులుతుంది. చెక్ డిస్క్‌కు ‘ఎఫ్’ అని జోడిస్తే ఆ రికార్డును సరిచేస్తుంది, దిక్కులేని ముక్కలను ‘ఫౌండ్’ అనే ఫోల్డరులో పెడుతుంది. పొలంలో మాత్రం అడుగు పెట్టదు. ‘ఆర్’ అంటేనే గట్టు గట్టునా తిరిగి ప్రతి సెక్టారునూ చదువుతుంది. పెద్ద డిస్కుకు గంటలు పట్టేది అందుకే. చౌడు తగిలిన చోటును గుర్తించి, ఇకపై అక్కడ విత్తకుండా రాసిపెడుతుంది. చౌడును పోగొట్టడం దాని వల్ల కాదు. క్విక్ ఫార్మాట్ వల్ల అసలే కాదు, అది కొత్త పహాణీ రాస్తుందంతే.

దిష్టి తగిలిందని సిస్టమ్‌కు నిమ్మకాయ తిప్పేవాళ్లూ ఉన్నారు. దిష్టికీ డిస్కు మీది అయస్కాంత పొరకూ ఏ సంబంధమూ లేదు. పొర చెడితే ఆ సంగతి అంకెల్లో కనిపిస్తుంది.

ఆ అంకెలు ఈవెంట్ వ్యూయర్‌లో ఉంటాయి. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ తెరిచి, సోర్స్ దగ్గర ‘విన్‌ఇనిట్’ అని ఉన్న 1001 నంబరు ఎంట్రీ వెతకాలి. అదే నంబరు వేరే రిపోర్టులకూ ఉంటుంది కాబట్టి సోర్స్ పేరు చూడటం తప్పనిసరి. రీస్టార్ట్ లేకుండా నడిపితే సోర్స్ ‘చెక్ డిస్క్’ అనే ఉంటుంది. చివర్లో బ్యాడ్ సెక్టార్లు ఎన్ని కేబీయో చెప్పే వరుస ఒకటుంది. చదవాల్సింది దాన్నే.

అక్కడ సున్నా ఉన్నా నిశ్చింతగా ఉండలేం. పాడైన సెక్టార్ల స్థానంలో డిస్కే తన దగ్గరున్న అదనపు సెక్టార్లను చడీచప్పుడు లేకుండా వాడుకుంటుంది. ఆ లెక్క స్మార్ట్ అనే వ్యవస్థలో నమోదవుతుంది, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చూపిస్తుంది. లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో గూగుల్ ఇంజినీర్లు వెలువరించిన అధ్యయనం ప్రకారం, తొలి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, ఎర్రర్ లేని డిస్కుకన్నా 39 రెట్లు ఎక్కువ. చెడిపోయిన వాటిలో సగానికి పైగా డిస్కులు ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ హెచ్చరికా ఇవ్వలేదని కూడా అదే అధ్యయనం తేల్చింది.

డిస్కులోంచి టకటక చప్పుడు వస్తున్నా, ఫైళ్లు తెరుచుకోవడానికి మొరాయిస్తున్నా ముందు ఫొటోలు, వీడియోలు, పత్రాలు వేరే డిస్కులోకి కాపీ చేయాలి. గంటల తరబడి సాగే ‘ఆర్’ పరీక్షకు ఆ బలహీనమైన డిస్కు తట్టుకోకపోవచ్చు కాబట్టి, స్కాన్ ఆ తర్వాతే.