నాదస్వర విద్వాంసుల కూటములు: గుంటూరు, ప్రకాశం సీమలు

తెలుగునాట పెండ్లిపందిట మ్రోగు మంగళవాద్యమును జనసామాన్యము 'సన్నాయి' యనియు, విద్వాంసులు 'నాదస్వర' మనియు వ్యవహరింతురు. 'నాగస్వర' మను రూపమును కలదు. అది మన భాషలో పాములవాని బూరకును చెల్లును గావున ఈ వ్యాసమున 'నాదస్వర' రూపమునే గ్రహించితిమి. ఎత్తిపొడుపు మాటలకు 'సన్నాయి నొక్కులు' అను పేరు కలిగినదన్న ఈ వాద్యము జనజీవనమున నెంత పాతుకొన్నదో తెలియగలదు. వినువారు కోకొల్లలైనను దీనిని అభ్యసించువారు కొలదిమంది. ఆ కొలదిమంది ఒకచోట చేరు కూటముల వలన విద్యకు కలుగు ప్రయోజనమును వివరించుట మా ఉద్దేశము.

ప్రత్తికిని మిరపకును పేరొందిన గుంటూరు, ప్రకాశం మైదానములు ఈ వాద్యమునకును ఆటపట్టులు. ఇచ్చట నాయీబ్రాహ్మణ కుటుంబములతోపాటు ముస్లిం కుటుంబములును, అందు విశేషించి దూదేకులవారును, ఈ విద్యను వంశపారంపర్యముగ కాపాడుచు వచ్చిరి. దూదిని ఏకు వృత్తి వారి కులనామముననే నిలిచియున్నది. రామాలయమున సీతాకల్యాణమునకు ముస్లిం విద్వాంసుడు త్యాగరాజకృతిని వాయించుట ఈ సీమలో వింతగాదు.

ఈ సంప్రదాయమునకు దేశఖ్యాతి తెచ్చిన షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు చెంతనున్న కరవదిలో జన్మించిరి. ఆ గ్రామము అప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడిన క్రొత్త జిల్లాలో చేరినది. వారు తొలుత తండ్రి కాశిం సాహెబు వద్దను, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబు వద్దను నేర్చిరి. తంజావూరు బాణీపై మక్కువతో నాచియార్‌కోయిల్ సోదర విద్వాంసులైన రాజం, దురైక్కణ్ణుల సన్నిధి చేరిరి. తుదకు శ్రీరంగమున స్థిరపడి, 1982లో శారదా నాదస్వర సంగీతాశ్రమమును నెలకొల్పిరి. 1998లో సంగీతకళానిధి గౌరవమునంది, 1999లో కీర్తిశేషులైరి. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలిషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. పూర్ణవిద్వాంసుడనదగిన వాడును మరల గురువును వెదకికొని పోయెనన్న విషయము ఇచ్చట గమనింపదగినది. తోటివారి వాద్యమును చెంత కూర్చుండి వినుటయే ఈ విద్యకు ప్రధానసాధనము.

ఏలయన, ఈ వాద్యముయొక్క నిర్మాణమే అట్టిది. వ్రేళ్లతో మూయు రంధ్రములు ఏడు. క్రింది భాగమున మరి ఐదు రంధ్రములుండును. వానిని మైనముతో మూసి నాదమును సరిచేసికొందురు. వీణకున్నట్లు స్వరస్థానమును చూపు మెట్లు దీనికి లేవు. రంధ్రమును సగమో పాతికయో మూయుట, పెదవి బిగువు, ఊపిరి ఒత్తిడి, ఈ మూటి కలయికచే స్వరభేదములును గమకములును పుట్టును. రెల్లుతో చేసిన జంట పలుకుల పీక, దీనినే 'జీవాళి' యందురు, ఎంత తడిసిన ఎట్లు పలుకునో నోటికి తెలియవలసినదే. స్వరలిపి కృతియొక్క రూపమును చూపును. పెదవి చేయు పనిని చూపజాలదు.

నాదస్వరమునకు నిత్యజీవనాధారము పెండ్లి. అచ్చట విద్వాంసుడు కల్యాణి నందుకొని రెండు సంచారములు చేయునంతలో పురోహితుడు చేయెత్తును. రాగమును విడిచి గట్టిమేళము వాయింపవలెను. తరువాత సినిమాపాట కోరువారు కోరుదురు. ఇట్లు ఏండ్లు గడచిన, తోడిని విస్తరించు శక్తి యున్నవాడును దానిని వాడుకొను తావు లేక మరచును. పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజారాధనలు, దేవాలయ ఉత్సవములు, గురువుల వర్ధంతులు ఆ తావును కల్పించుచున్నవి. వివిధ గ్రామముల మేళములు చేరిన యట్టి దినమున శ్రోతలలో పలువురు స్వయముగ వాద్యకారులు. పిన్నలు ముందు వాయింతురు. పెద్దలు ఎదుట కూర్చుండి విందురు. అపస్వరము దొర్లినచో ఎవరును పలుకరు. ఆ మౌనమే తీర్పు. మంచి ప్రయోగమునకు సరియైన చోట వెలువడు 'భళా' యను మాట బిరుదముకంటె విలువైనది. డోలు విద్వాంసులకును ఇది పరీక్షయే. విరామమున పీకలు చేతులు మారును. ఒకరి పలుకుబడిని వేరొకరు వినయముగ అడిగి తెలిసికొందురు. పాఠశాలలో ఏండ్లు పట్టునది ఇచ్చట ఒక రాత్రిలో స్ఫురించుటయు కలదు.

అయితే ఈ కూటములు కేవలము సన్మానసభలుగ మారు ప్రమాదము కలదు. ప్రసంగములకును శాలువలకును పూట గడచి, ఒక్కొక్క మేళమునకు పది నిముషములే మిగిలినచో పెండ్లిపందిటికిని సభకును భేదమేమి? నిర్వాహకులు రాగాలాపనకు వ్యవధి నిచ్చుట ముఖ్యమని మా అభిప్రాయము.

పరిశోధక విద్యార్థులకు ఇందొక కర్తవ్యము కలదు. వేదికపై జరుగు కచేరిని ధ్వనిముద్రణ చేసి తృప్తిపడరాదు. కచేరికి ముందు పీకను ఎట్లు సిద్ధపరచిరి, శ్రుతిని ఎట్లు కలిపిరి, ఏ సంచారమునకు ఏ పేరు వాడిరి, ఎవరు ఎవరివద్ద నేర్చిరి అను విషయములను వారి మాటలలోనే వ్రాసికొనవలెను. వంశపారంపర్యముగ వచ్చిన పారిభాషిక పదములు నిఘంటువుల కెక్కక మునుపే మాయమగుట భాషాశాఖకును నష్టమే. ఆ పదములు పెద్దల నోట నింకను వినబడుచున్నవి. వినుటకు మనము పోవలసిన చోటు ఆ కూటము.