పైన మెరుపు... లోపల తుప్పు!

సంక్రాంతికి బాల్కనీ రెయిలింగుకి కొత్త రంగు వేయించాం కదా, ఇంకేం బెంగ అనుకున్నాను. మాది విశాఖలో సముద్రానికి దగ్గర్లో మూడో అంతస్తు. ఓ ఉదయం తడిబట్టలు ఆరేస్తూ రెయిలింగు పట్టుకున్నానో లేదో, ఓ కడ్డీ అడుగున విరిగి చేతికొచ్చేసింది. రోజూ మా చంటాడు స్కూలు బస్సు కోసం తొంగిచూసేది సరిగ్గా అక్కడే! నా కాళ్లు వణికిపోయాయి.

వెల్డింగు మేస్త్రీ వచ్చి గోటితో గీరితే నిగనిగలాడే పెయింటు పెచ్చులుగా లేచింది. కింద అంతా ఎర్రపొడి. "తుప్పు మీదే రంగేశారమ్మా" అన్నాడు. పండగ ముందు రంగులబ్బాయి "గీకి వేస్తే రెండ్రోజులు పడుతుందమ్మా" అంటే, "ఇప్పుడదంతా ఎందుకు, పైన ఓ పూత వేసెయ్" అన్నది సాక్షాత్తూ నేనే!

నీరూ, గాలీ తగిలితే ఇనుము తుప్పుపడుతుందని అందరికీ తెలుసు. సముద్రపు గాలిలోని ఉప్పు దాన్ని ఇంకా తొందరపెడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైనున్న పెయింటుని ఉబ్బించి పగలగొడుతుంది. వెల్డింగు అతుకులు, అంచులు, నీరు నిలిచే అడుగుభాగాలు ముందుగా దెబ్బతింటాయి.

రామేశ్వరం వెళ్లినవారికి పాంబన్ రైలు వంతెన గుర్తుండే ఉంటుంది. 1914లో మొదలైన ఆ పాత వంతెన మీద తుప్పు దెబ్బకే 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెనకు ఉప్పుగాలిని తట్టుకునే పాలీసిలోక్సేన్ పూత వేశారు. అంత పెద్ద వంతెనకే తప్పనిది, మన రెయిలింగుకి తప్పుతుందా?

ఈసారి మేస్త్రీ విరిగిన కడ్డీ మార్చాడు. మిగతావాటిని మంచినీళ్లతో కడిగి, ఆరాక వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో తుప్పంతా వదిలేదాకా రుద్దాడు. పొడిబట్టతో తుడిచి ఆ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూశాడు. అది ఆరాక ఎనామిల్ రెండు పూతలు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. వానపడుతున్నా, మంచు కురుస్తున్నా రంగు జోలికి పోవద్దన్నాడు.

ఇప్పుడు నెలకోసారి తడిబట్టతో ఉప్పు తుడిచి, పొడిబట్టతో ఒత్తేస్తున్నాను. ఎక్కడైనా పెయింటు ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే గీకి ప్రైమర్ పూయిస్తున్నాను.

మీరూ ఈ పూటే, బరువు ఆనించకుండా, మీ బాల్కనీ కడ్డీల అడుగున ఓసారి చూడండి. రంగు కొత్తదే కదా అని మాత్రం నాలా ధీమాగా ఉండకండి!