గొడుగు మిద్దెపై.. తెలుగు ఇంట్లోకి!

ధర్మపురి: మిద్దె మీద ఒకరు గొడుగు తిప్పుతుంటారు. కింద టీవీ ముందున్న వాళ్లు ‘వచ్చింది.. వచ్చింది.. అయ్యో, పోయింది’ అని కేకలేస్తుంటారు. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఇది తెలిసిన ముచ్చటే. 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి మొదలు బడిలో తమిళం తప్పనిసరైంది. బజార్లోనూ తమిళమే. ఇంట్లో అవ్వాతాతల తర్వాత పిల్లల చెవిన తెలుగు వేసేది టీవీయే. 2011లో ప్రభుత్వ అరసు కేబుల్ నెలకు రూ.70కే ప్రసారాలిచ్చినా, అందులో తమిళ ఛానెళ్లదే పెద్దపీట. దాంతో తెలుగు కోసం గొడుగు పెట్టించుకున్న వాళ్లున్నారు.

గొడుగు బిగించడం గంట పని. వైరును ఇంట్లోకి తేవడమే అసలు తంటా.

కొత్త ఇంటికి..
స్లాబు పోయకముందే, కరెంటు పైపులు పరిచేటప్పుడే టీవీకి వేరే పైపు వేయించాలి. రెండూ ఒకే పైపులో దూర్చకూడదు. చాలామంది పొరబడేది వైర్ల లెక్కలో. కేబుల్ టీవీ తీగను చీల్చి రెండు గదులకు ఇచ్చినట్టు ఇక్కడ కుదరదు. సెట్‌టాప్ బాక్సు అదే వైరు గుండా 13 లేదా 18 వోల్టులు పంపి, ఏ తరంగాలు కావాలో గొడుగు ముందున్న ఎల్ఎన్‌బీకి చెబుతుంది. ఒక టీవీ 13, ఇంకోటి 18 అడిగితే ఏదో ఒకదానికి బొమ్మ రాదు. అందుకే రెండు టీవీలకు రెండు దారుల ఎల్ఎన్‌బీ, మిద్దె దాకా రెండు వైర్లు కావాలి. ఇల్లు పూర్తయ్యాక ఈ సంగతి తెలిస్తే, కొత్త సున్నం గోడకు ఉలి దెబ్బలే! పైపు పైమూతి కిందికి వంగి ఉండాలి. లేదంటే వాననీరు నేరుగా స్విచ్ బోర్డులోకే.

పాత ఇంటికి..
పెంకుటింటి మీదికెక్కితే పెంకులు పగులుతాయి. పెరట్లో ఇనుప గొట్టం పాతి గొడుగు బిగిస్తే మేలు. ఉపగ్రహాలు ఇక్కడికి ఆగ్నేయ దిక్కున ఉంటాయి. అటు కొబ్బరిచెట్టు అడ్డుంటే ఎంత తిప్పినా లాభం లేదు. మట్టిగోడకు డ్రిల్లు పెడితే పెళ్లలు రాలతాయి. కిటికీ చట్రం మూల నుంచి తేవడమే నయం. రంధ్రం బయటివైపుకు వాలుగా ఉండాలి. వైరును దాని కంటే కిందికి జారవిడిచి, పైకి మళ్లించి లోపలికి తీసుకోవాలి. చుక్కలు అక్కడే రాలిపోతాయి, గోడ నానదు. పాత కేబుల్ తీగ ఉంది కదా అని వాడొద్దు. ఆర్‌జీ-6 రకం అడగాలి.

జోరువానలో బొమ్మ ఆగితే వైరును తిట్టి లాభం లేదు, తెరిపిస్తే అదే వస్తుంది. అప్పటికీ రాకుంటే ముందు చూడాల్సింది గొడుగు దగ్గరి జాయింటునే.