పొయ్యి గట్టుకు చెక్క అంచు: ఎక్కడ అమర్చవచ్చు, ఎక్కడ కూడదు

గ్యాసు పొయ్యి వచ్చి ఎన్నేండ్లయినా మన సరిహద్దు పల్లెలలో కట్టెల పొయ్యి ఇల్లు విడిచిపోలేదు. కన్నడిగులు దానిని ఒలె అంటారు, తమిళులు అడుప్పు అంటారు, మరాఠీవారు చూల్ అంటారు, ఒడియావారు చులి అంటారు. పేరేదైనా సంగటి కెలకడానికీ, స్నానాల నీళ్లు కాగడానికీ, పండుగనాడు పెద్ద గిన్నె ఎక్కించడానికీ నేటికీ అదే దిక్కు. కొత్త ఇండ్లలో పెరటివైపు దానికి వేరే గది కట్టి, గట్టు మీద నల్ల కడప బండో, గ్రానైటు పలకో పరచి, ముందుభాగానికి అందంగా చెక్క పట్టీ కొట్టించుకుంటున్నారు. వడ్రంగులు దీనినే బీడింగు అంటారు. అందం మాట అలా ఉంచితే, పట్టీ వల్ల ప్రయోజనం కూడా ఉంది. బండకూ ఇటుక కట్టుకూ మధ్యనున్న గరుకు అతుకును అది కప్పుతుంది. కాళ్లు, పీటలు, బిందెలు తగిలి గట్టు ముఖం పెచ్చులూడకుండా కాపాడుతుంది.

అయితే నిప్పు పక్కన చెక్కను నిలబెట్టే ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. హోసూరు ప్రాంతంలోని మా పాత ఇంటిలో అది మాకు ఆలస్యంగా తెలిసింది. మా తల్లిగారు ముచ్చటపడి పొయ్యి గట్టు చుట్టూ టేకు పట్టీ వేయించారు. పన్నెండేండ్లు చెక్కుచెదరలేదు. గట్టు మరమ్మతుకని వడ్రంగి దానిని ఊడదీసినప్పుడు ముందువైపు నిగనిగలాడుతూనే ఉన్నది. వెనుకవైపు, పొయ్యి నోటికి దగ్గరగా ఉన్న మూరెడు మేర, గోటితో గీస్తే రాలే బొగ్గు. "అమ్మా, ఇది మసి పట్టి నల్లబడింది కాదు, కాలింది" అన్నాడతడు. మంట దానిని ఏనాడూ తాకలేదు.

మంట తాకకుండా చెక్క ఎట్లా కాలుతుంది? మామూలుగా ఎండు కట్టె అంటుకోవడానికి సుమారు 250 నుండి 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పొయ్యి పక్కనున్న బండ అంత వేడెక్కదు గదా అని మనం ధీమాగా ఉంటాము. కాని నీరు మరిగే 100 డిగ్రీలకు కాస్త పైబడిన వేడి కూడా నెలల తరబడి, ఏండ్ల తరబడి తగులుతూ ఉంటే చెక్కలోని పదార్థం మెల్లగా విచ్ఛిన్నమై బొగ్గుగా మారుతుంది. అట్లా మారిన చెక్క మునుపటికంటే తక్కువ వేడికే రాజుకుంటుంది. వెనుక గాలి ఆడని చోట పుట్టిన వేడి బయటికి పోలేక అక్కడే పోగుపడుతుంది. అందుచేత పదేండ్లు ఏమీ కాలేదన్నది అభయమేమీ కాదు. పదకొండో ఏడు చెక్క మొదటి ఏటి చెక్క కాదు.

కాబట్టి పట్టీ ఎక్కడ వేయాలో కంటికి నప్పే తీరును బట్టి కాక, పొయ్యి వేడిని బట్టి నిర్ణయించాలి. దీనికి పరికరమేదీ అక్కరలేదు. గట్టు కట్టిన తరువాత, చెక్క వేయక ముందే, మీ ఇంట అన్నిటికంటే ఎక్కువసేపు సాగే వంటను ఒకరోజు దాని మీద చేయండి. నీళ్ల అండాకు రెండు గంటలు మంట పెట్టినా సరే. ఆ తరువాత పొయ్యికి దూరం నుండి దగ్గరికి వస్తూ గట్టు ముఖాన్ని అరచేత్తో తాకి చూడండి. పది లెక్కపెట్టేంతసేపు చేయి ఆన్చలేని చోటికి చెక్క రాకూడదు. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, ఇంకొక జానెడు అవతల నుండి పట్టీ మొదలుపెట్టమని వడ్రంగికి చెప్పండి. చేయి ఓర్చుకోలేని వేడి చెక్కకు హాని చేసే వేడికంటే చాలా తక్కువ. అందువలన ఈ పరీక్ష మనలను క్షేమం వైపే ఉంచుతుంది.

పొయ్యి నోటికి ఎదురుగా మాత్రం ఏ పరీక్షా అక్కరలేదు. అక్కడ చెక్క వేయనే కూడదు. నీలగిరి కట్టె పొడవుగా ఉండి నోటి బయటికి వస్తుంది, సగం కాలి విరిగి అంచు మీద పడుతుంది. నివురుగప్పిన కణికలు బూడిదతో పాటు జారుతాయి. నోటి వెడల్పుకు ఇరువైపులా జానెడు కలుపుకొని ఆ మేర రాతి పట్టీనే వేయించి, చెక్కను దానికి అటూ ఇటూ నిలపడం మేలు. పట్టీ మధ్యలో తెగితే అందం చెడుతుందని కొందరు వాదిస్తారు. మా ఇంటిలోనూ ఆ వాదన నడిచింది. నల్లరాయికి ఇరుపక్కలా టేకు నిలిస్తే చూడటానికి బాగానే ఉంటుందని చూసిన తరువాత ఒప్పుకున్నారు.

ఇండ్లలో చలిమంట గూళ్లు కట్టుకునే అమెరికా దేశంలో గృహనిర్మాణ నియమావళి ఈ దూరాలను అంగుళాలతో సహా నిర్ణయించింది. గూటి నోటికి 6 అంగుళాల లోపల చెక్క ఉండరాదు. 12 అంగుళాల లోపల ఉన్న చెక్క, నోటి నుండి ఎన్ని అంగుళాల దూరమో అన్ని ఎనిమిదో వంతుల కంటే ఎక్కువ ముందుకు పొడుచుకొని రారాదు. అనగా 8 అంగుళాల దూరాన ఉన్న చెక్క ఒక అంగుళం వరకే ముందుకు రావచ్చు. మన పొయ్యి కట్టడం వేరు, మన గోడలు పలుచన. కాబట్టి ఆ కొలతలు మనకు కనీసం కంటే కనీసమని అనుకోవాలి.

ఇక అమర్చే పద్ధతి. చెక్కను తడి సిమెంటులోనో మట్టిలోనో అదిమి పెట్టవద్దు. తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరి బీటలు తీస్తుంది, చెదలకు దారి ఇస్తుంది. గట్టు పూర్తిగా ఆరనిచ్చి, పట్టీకీ గోడకూ మధ్య రెండు నాణేలు పేర్చినంత సందు వదలాలి. అయితే ఆ సందులోకి కణికలు జారితే మొదటికే మోసం. అందుకే పైనున్న బండను పట్టీ మీదుగా అర అంగుళం ముందుకు రానివ్వాలి. చూరు గోడను కాపాడినట్లు బండ అంచు చెక్కను కాపాడుతుంది. అడుగున పట్టీ నేలను తాకకుండా అంగుళమైనా ఎత్తులో ఉండాలి. లేకపోతే రోజూ అలికే నీటికి మొదట అక్కడే పుచ్చుతుంది.

ఇనుప మేకులు పొయ్యి పక్కన కొట్టవద్దు. ఇనుము గోడలోని వేడిని సూటిగా చెక్క లోపలికి చేరవేస్తుంది, టేకులో నల్ల మరకలు కూడా తెస్తుంది. పొయ్యికి దూరంగా ఉన్న చోట్ల ఇత్తడి మరలు బిగించి, వాటికి రంధ్రాలు కాస్త కోలగా వేయిస్తే చెక్క ఉబ్బినా తగ్గినా పగలదు. టేకు దొరకనివారు బాగా ఎండిన వేప వాడుకోవచ్చు. మామిడి చెక్కను పురుగు త్వరగా తొలుస్తుంది.

పైపూతకు అవిసె గింజల నూనె పలుచగా రాసి తుడిచేస్తే చాలు. ఇక్కడొక హెచ్చరిక. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకోగలవు. విడివిడిగా ఆరుబయట ఆరవేయండి, లేదా నీటిలో ముంచండి.

పొగగొట్టం మాట కూడా చెప్పాలి. పొగలేని వంటయింటి కోసం హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు 1953లోనే పుస్తకం ప్రచురించారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారి అస్త్ర ఒలె 1980లలో కర్ణాటక పల్లెలకు చేరింది. ఇటువంటి పొయ్యిలలో గొట్టం కప్పును చీల్చుకొని పోతుంది. అక్కడ రంధ్రానికి అందంగా చెక్క చట్రం బిగించడం గట్టు పట్టీకంటే ప్రమాదకరం, ఎందుకంటే అది ఎవరి కంటా పడదు. లోపల పేరుకున్న మసి ఒక్కొక్కసారి అంటుకొని గొట్టాన్ని విపరీతంగా వేడెక్కిస్తుంది. గొట్టం చుట్టూ జానెడుకు తక్కువ కాకుండా చెక్క గానీ గడ్డి గానీ లేకుండా చూసి, ఖాళీని రేకుతో మూయించండి.

మా వడ్రంగి ఆ టేకు పట్టీనే బొగ్గైన మేర కోసివేసి, మిగిలినది రాతికి ఇరువైపులా బిగించాడు. సంక్రాంతి సున్నాలప్పుడు పొయ్యికి దగ్గరి మర ఒకటి విప్పి, పట్టీ వెనుకకు వేలు పోనిచ్చి చూడమన్నాడు. వేలికి నలుపు అంటితే పట్టీని ఇంకొక జానెడు వెనుకకు జరపవలసినదే. మా తల్లిగారు ఏటేటా ఆ పని ఇంకెవరికీ అప్పగించరు.