పాపతో 12 గంటల రైలు

‘ఇంత చిన్నపిల్లతో అంత దూరమా? కాస్త పెద్దదయ్యాక వెళ్లొచ్చులే!’ పాప పుట్టినప్పటి నుంచీ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, విశాఖలో పుట్టిల్లు. మధ్యలో దాదాపు 700 కిలోమీటర్లు. పెద్దయ్యేదాకా ఆగితే అమ్మమ్మంటే ఫోన్‌లో కనబడే మనిషే అనుకుంటుంది పాప. అందుకే మేం ఆగలేదు. ఇప్పుడు దానికి రెండేళ్లు, ఆరుసార్లు వెళ్లొచ్చాం. నాకు అర్థమైంది ఒక్కటే: ప్రయాణం మన టైమ్ ప్రకారం కాదు, పాప టైమ్ ప్రకారం జరగాలి.

నిద్ర వేళకే రైలు: మేమెక్కేది గోదావరి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. స్నానం ఇంట్లోనే చేయించేస్తాను. రైల్లో తినిపించి, రోజూ కప్పుకునే దుప్పటే పరిస్తే కొత్త చోటైనా త్వరగానే నిద్రపోతుంది.

బెర్త్ సంగతి: అయిదేళ్లలోపు పిల్లలకి రైల్లో టికెట్ అక్కర్లేదు. కానీ బెర్త్ ఇవ్వరు. కావాలంటే పెద్దల ఛార్జీ కట్టి తీసుకోవచ్చు. ‘పక్కలో పడుకునే పిల్లకి బెర్త్ ఎందుకు, డబ్బు దండగ’ అన్నారు మా అత్తయ్య. పాప నడక నేర్చాక నేను తీసుకోవడం మొదలెట్టాను. రాత్రంతా ముడుచుకుని కూర్చున్న అమ్మకి పొద్దున్నే పాప వెనక పరిగెత్తే ఓపిక ఎక్కడుంటుంది? లోయర్ బెర్త్ దొరికితే పాపని గోడవైపు పడుకోబెట్టి, నేను బయటివైపు పడుకుంటాను. ఒంటి గంట దాకా మా ఆయన మెలకువగా ఉంటే, ఆ తర్వాత నా వంతు.

తిండి: ఇంట్లో అలవాటైనవే పట్టుకెళ్తాను. ఇడ్లీ, అరటిపండు, మరమరాలు. పల్లీలు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్షపండ్లు మాత్రం వద్దు. కదిలే రైల్లో గొంతుకి అడ్డం పడితే చాలా ప్రమాదం.

మందుల సంచి: డాక్టర్ రాసిచ్చిన జ్వరం మందు, థర్మామీటర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. టెట్రాప్యాక్‌లో దొరికే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. అలాంటి వాటిమీద ఓఆర్ఎస్ అని రాయకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది కూడా. దీనికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్.

జేబులో చీటీ: పాప గౌను జేబులో మా ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీ ఉంటుంది. ఎక్కేముందు ఆ రోజు వేసిన బట్టల్లో ఒక ఫొటో తీస్తాను. తప్పిపోతే ‘ఏ రంగు గౌను?’ అని గుర్తు తెచ్చుకునే పని ఉండదు. రైల్లో సాయానికి 139, పిల్లల హెల్ప్‌లైన్ 1098. రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఇంత చేసినా ఏడుస్తుంది. ఏడవనీండి. పక్కవాళ్లకి ముందే ‘చిన్నపిల్ల అండీ, కాస్త గోల చేస్తుంది’ అని చెప్పేస్తే సగం భారం దిగిపోతుంది. తర్వాత వాళ్లే ఆడిస్తారు.

‘ఇప్పుడు తీసుకెళ్లినా దానికేం గుర్తుంటుంది?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి మా అమ్మ ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడ్చింది. పోయినసారి తనే వెళ్లి అమ్మమ్మ చంకెక్కింది. నేను పిలిచినా రాలేదు.