తక్కెడకు ముందు ఒక్క పరీక్ష

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పదవీ విరమణ అనంతరం క్వార్టరు ఖాళీ చేసే ఇంటి ముందు తుక్కు వ్యాపారి తక్కెడతో నిలబడటం పరిపాటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఉద్యోగార్థం ఈ ప్రాంతానికి తరలివచ్చాయి. వారిలో వడ్రంగులూ ఉన్నారు. బోగీల నిర్మాణంలో కలపదే ప్రాధాన్యమైన రోజులవి. 1955లో పెరంబూరులో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమై ఉక్కు బోగీలు వచ్చిన పిదప ఆ నైపుణ్యానికి గిరాకీ తగ్గింది. పనిముట్లు మాత్రం ట్రంకు పెట్టెలలో మిగిలిపోయాయి.

ఇటీవల మా సహోద్యోగి ఒకరు తమ తాతగారి పెట్టెను మా ముందుంచి, "సాయంత్రం తుక్కువాడు వస్తానన్నాడు సార్. ఉంచుకోదగినవేవో మీరే చెప్పాలి" అన్నారు. మేము పరీక్షించిన విధానాన్ని పాఠకుల ఉపయోగార్థం వివరిస్తున్నాము.

తొలుత ముద్రను చూడవలెను. ఉలిపై "కాస్ట్ స్టీల్" అని ఉంటే పోత ఇనుమని పొరబడరాదు. అది మూసలో కరిగించిన మేలైన ఉక్కు. 18వ శతాబ్దంలో షెఫీల్డులో బెంజమిన్ హంట్స్‌మన్ ఈ పద్ధతిని రూపొందించాడు. మూస ఉక్కు మనకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో అంతకు పూర్వమే తయారై పారశీక దేశానికి ఎగుమతి అయ్యేది.

ముద్ర ఒక్కటే చాలదు. ఉలి వెనుక వైపు చదునుగా ఉండవలెను. పైపై తుప్పు కిరోసిన్‌తో, గరుకు కాగితంతో పోతుంది. అంచు దగ్గర తుప్పు గుంటలు పడితే మాత్రం పదును సమంగా రాదు. పాత ఉలులు కొన్నింటిలో ఇనుముపై పలుచని ఉక్కు పొర అతికి ఉంటుంది. సానపట్టిన వాలుపై ఆ రెంటి నడుమ గీత కనిపిస్తుంది. ఉక్కు అరిగిపోతే ఉలి ఆయుష్షు తీరినట్లే.

రంపాన్ని కంటికి ఎదురుగా పట్టుకొని పళ్ళ వరుస వెంట చూస్తే వంకర బయటపడుతుంది. చిత్రిక అడుగున ఉక్కు స్కేలును నిలిపి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఇనుప చిత్రిక దిమ్మె పోత ఇనుముది కనుక కింద పడితే పగులుతుంది. బ్లేడు బయటకు వచ్చే నోటి వద్ద ప్రత్యేకంగా పరిశీలించవలెను.

ఒక హెచ్చరిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము ఒక చక్కని ఉలిని విద్యుత్ సానచక్రంపై నీలి రంగు వచ్చేదాకా పట్టి పాడుచేశాము. సుమారు 300 డిగ్రీల వేడికి ఉక్కు నీలంగా మారి మెత్తబడుతుంది. తరచు నీటిలో ముంచుతూ నెమ్మదిగా పట్టవలెను.

ఆ పెట్టెలో ఐదు ఉలులు, ఒక రంపం యోగ్యమైనవిగా తేలాయి. గుంటలు పడిన రెండు ఉలులు, వంగిన మరో రంపం తక్కెడకు పోయాయి. తాతగారు నిత్యం వాడిన ఇనుప చిత్రికకు నోటి వద్ద వెంట్రుకవాసి పగులు కనిపించింది. పనికి రాదని చెప్పడం మాకు కష్టమైంది, కానీ చెప్పక తప్పలేదు. మిత్రుని తల్లిగారు మారు పలుకక దానిని కొంగుతో తుడిచి దేవుని గూటిలో ఉంచారు. ఆ తీర్పు మా పరీక్షకు అందేది కాదు.

మీ ఇంట అటువంటి పెట్టె ఉంటే, తక్కెడకు ముందు ఒక్కసారి వెలుతురులో తెరచి చూడండి.