అనుమతి ఇచ్చిన రచయిత పేరేమిటి?

ఊరికే దొరికే వస్తువుకూ, అందరికోసం ఇచ్చిన వస్తువుకూ మధ్యనున్న తేడాను మన సాహిత్యలోకం ఇంకా సరిగా గుర్తించినట్లు లేదు. ఊరికే దొరికినదానికి మనం ఎవరికీ జవాబుదారులం కాము. అందరికోసం ఇచ్చినదాని వెనుక మాత్రం ఇచ్చిన మనిషి ఒకరున్నారు. ఆ మనిషి ఏమిచ్చారు, ఏది తన దగ్గర ఉంచుకున్నారు అనే ప్రశ్న ఉంది. ఈనాడు బడుల్లోకీ గ్రంథాలయాల్లోకీ విరివిగా వస్తున్న స్వేచ్ఛా లైసెన్సు రచనల విషయంలో మనం అడగవలసిన మొదటి ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

ముందు చట్టం సంగతి కొంత చెప్పుకోవాలి. మనదేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన రచనపై ఆయన జీవితకాలమంతా హక్కు ఉంటుంది. మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లపాటు వారసులకు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలు ఎప్పుడో ప్రజలపరమైనాయి. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 ఆరంభం నుంచి అందరివీ అయ్యాయి. కాని 1980లో మరణించిన కొడవటిగంటి కుటుంబరావు రచనలపై హక్కు 2040 చివరిదాకా, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై 2043 చివరిదాకా ఉంటుంది. ఎవరో పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టినంత మాత్రాన ఈ లెక్క మారదు. తనది కానిదానికి లైసెన్సు ఇచ్చే అధికారం ఎవరికీ లేదు.

ఈ రెండు తరగతులకూ చెందని మూడో తరగతి ఒకటుంది. హక్కు తన చేతిలో ఉండగానే రచయిత కొన్ని షరతులతో దానిని సడలించడం. 2001లో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లో ఇందుకు తగిన లైసెన్సులను రూపొందించి విడుదల చేసింది. ఇవి కాపీరైటును రద్దు చేసేవి కావు, దాని మీదనే నిలబడ్డవి. షరతులు ప్రధానంగా నాలుగు. కర్త పేరు చెప్పాలి. మార్చి ప్రచురిస్తే, ఆ మార్చినదాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. వ్యాపారానికి వాడరాదు. మార్చినదాన్ని ప్రచారంలో పెట్టరాదు. ఈ నాలుగింటి కలయికలతోనే ఆరు లైసెన్సులు ఏర్పడ్డాయి. ఆరింటిలోనూ తప్పక ఉండేది మొదటి షరతు, అంటే పేరు.

విచిత్రమేమంటే, మన బడుల్లో అన్నిటికంటె ముందుగా జారిపోయేది ఆ పేరే.

బెంగుళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అనే వేదికను నెలకొల్పింది. అక్కడి పిల్లల కథల్లో అత్యధికం పేరు చెప్పడమనే ఒక్క షరతుతో లభిస్తాయి. తెలుగులోనూ ఉన్నాయి. అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అమ్ముకున్నా అభ్యంతరం లేదు. ఇంత ధారాళంగా ఇచ్చినవారు తిరిగి కోరింది రెండు మూడు పంక్తులు మాత్రమే. ఐనా నేను చూసిన ఒక పాఠశాల వార్షిక సంచికలో అటువంటి కథ ఒకటి "సేకరణ" అనే మాటతో, కింద ఏడో తరగతి విద్యార్థి పేరుతో అచ్చయింది. రాసినవారు లేరు, బొమ్మలు వేసినవారు లేరు, తెలుగు చేసినవారు అసలే లేరు. "సేకరణ" అన్న ఒక్కమాట ముగ్గురి శ్రమను మింగేసింది. శ్రమను గూర్చి ఇన్ని వ్యాసాలు రాసుకున్న మనం అనువాదకుడి శ్రమను శ్రమగా లెక్కించడం ఎప్పుడు నేర్చుకుంటామో! హక్కులు అమ్ముకున్న తరువాత కూడా కర్తృత్వాన్ని చెప్పుకొనే హక్కును చట్టంలోని 57వ సెక్షను రచయితకే ఉంచింది. పిల్లవాడి చేత అతనికి తెలియకుండా ఆ హక్కును కాజేయించడం మనం బోధించవలసిన పాఠం కాదు.

పేరు ఎలా చెప్పాలనేది పెద్ద విద్య ఏమీ కాదు. రచన పేరు, కర్త, ఎక్కడినుంచి తీసుకున్నాం, ఏ లైసెన్సు, మనం ఏమైనా మార్చామా అన్నవి ఉంటే చాలు. ఇందులో చివరిది చాలామంది వదిలేసేది. సాహిత్య విద్యార్థులు అన్నిటికంటె ఎక్కువ పట్టించుకోవలసింది కూడా అదే.

మార్చడానికి అనుమతి ఉంది కదా అని ఉపాధ్యాయుడు చేసే మొదటి పని భాషను "సరిచేయడం". కళింగాంధ్ర మాండలికంలోనో, పాలమూరు మాటల్లోనో ఉన్న కథ చేతికి వస్తుంది. పిల్లలకు అర్థం కాదన్న పేరుతో అది పాఠ్యపుస్తకపు భాషలోకి మారుతుంది. లైసెన్సు దృష్టిలో అది దోషం కాకపోవచ్చు. మార్చామని రాయకపోవడం దోషం. అలా రాయనప్పుడు ఆ నిర్జీవమైన వాక్యాలు రచయితవే అని పిల్లలు నమ్ముతారు, వాటిని రచయిత నెత్తిన రుద్దినవాళ్లం మనమవుతాం.

హక్కు గడువు తీరిన రచనకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఏ లైసెన్సు షరతూ ఉండదు. కన్యాశుల్కాన్ని తీసుకోండి. 1897లో అచ్చయిన మొదటి కూర్పు వేరు, గురజాడ సమూలంగా తిరగరాసి 1909లో వెలువరించిన రెండో కూర్పు వేరు. బడిలో అరగంట ప్రదర్శనకు కుదించే హక్కు మనకు నిస్సందేహంగా ఉంది. కాని ఏ కూర్పును కుదించామో, ఎవరు కుదించారో కరపత్రంలో ఒక పంక్తి వేయకపోతే, గిరీశం నోట పెట్టిన మన సొంత సంభాషణ గురజాడదిగా చలామణి అవుతుంది. మరొక సంగతి. గురజాడ గీతం స్వేచ్ఛగా వాడుకోదగినదే కాని, దానిని ఈ మధ్య ఎవరో బాణీ కట్టి పాడిన రికార్డు అలాంటిది కాదు. ఆధునిక సంపాదకుల పీఠికలకూ, వివరణలకూ కూడా ఇదే వర్తిస్తుంది.

మార్చే స్వేచ్ఛకు ఉజ్జ్వలమైన పార్శ్వమూ ఉంది. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులే సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చాడు. పిల్లవాడికి ఇంటి భాషలో చదువు చెప్పాలన్న ఆ ఆశయానికి ఇన్నాళ్లూ అడ్డుపడినవాటిలో పుస్తకాల కొరత ఒకటి. నాలుగు వందలమంది చదివే భాషలో కథల పుస్తకం వేయడానికి ఏ ప్రచురణకర్త ముందుకు వస్తాడు? మార్పుకు అనుమతి ఉన్న కథైతే సవర, కోయ, గోండి బడుల్లోని ఉపాధ్యాయుడే దాన్ని ఆ పిల్లల మాటలోకి తెచ్చి, తన పేరును అనువాదకుడుగా వేసి, పది ప్రతులు తీసి పంచవచ్చు. "మార్చరాదు" అనే షరతున్న కథను మాత్రం అలా పంచడానికి వీల్లేదు. ఏ బొమ్మ, ఏ కథ ఏ షరతుతో వచ్చిందో ముందే చూడాలని చెప్పేది ఇందుకే.

గ్రంథాలయాల సంగతి కొంచెం వేరు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, మనదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి మూడు ప్రతులకు మించకుండా తీసుకోవచ్చునని చట్టమే చెబుతోంది. తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో నిలువ చేసుకొనే వీలును 2012 సవరణ కల్పించింది. ఇవి లైసెన్సుతో పనిలేని సౌకర్యాలు. స్వేచ్ఛా లైసెన్సు కథలను అచ్చుతీసి కుట్టి బీరువాలో పెట్టే గ్రంథపాలకుడు, అట్ట లోపలివైపున కర్త, చిత్రకారుడు, అనువాదకుల పేర్లతోపాటు లైసెన్సు పేరును కూడా అంటిస్తే, తరువాత దాన్ని తీసుకున్నవారికి ఏం చేయవచ్చునో తెలుస్తుంది. తెలుగు వికీపీడియా నుంచి వ్యాసాలు తీసి, మార్చి, స్థానిక చరిత్ర పుస్తకం వేసే గ్రంథాలయాలు, ఆ పుస్తకాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వవలసి ఉంటుందన్నది మరువరాదు. "సర్వ హక్కులూ గ్రంథాలయానివే" అని వేయడం చెల్లదు.

ఇక పిల్లల రచనలు. బడి పిల్లలు రాసిన కథలనూ, గీసిన బొమ్మలనూ సంకలనంగా తెచ్చి, స్వేచ్ఛా లైసెన్సుతో ఇంటర్నెట్‌లో పెట్టాలన్న ఉత్సాహం ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తోంది. మంచిదే. ఐతే ఆ కథపై హక్కు ప్రధానోపాధ్యాయుడిది కాదు, సంచిక సంపాదకుడిదీ కాదు, రాసిన పిల్లదానిది. ఈ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోవడానికి ఉండదు. పదకొండేళ్ల పిల్ల తన ఇంటి సంగతి రాసిన కథ, ఆమెకు ముప్ఫై ఏళ్లు వచ్చాక కూడా ఎవరైనా వాడుకొనేదిగానే ఉంటుంది. కనుక తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఈ మాట వాళ్ల భాషలో చెప్పి, సంతకం తీసుకోవాలి. పిల్లను కూడా విడిగా అడగాలి. తన కథ బడి గోడపత్రికలో ఉంటే చాలునని ఆమె అంటే, అది అక్కడే ఉండాలి.